కొట్టు చెస్టర్ రోస్‌లోనే ఉంటుంది, టిఫిన్ కౌంటర్ మాత్రం రాదు

ఇంగ్లండ్‌లోని చెస్టర్ ఊళ్లో, రోస్ అనే పాత మెట్ల పైదారిలో ఉన్న మన పచ్చళ్ల కొట్టుకి వచ్చే అందరికీ నమస్కారం. ఉగాదికల్లా టిఫిన్ కౌంటర్ పెడతామని చెప్పాం. అది ఇక్కడ కుదరదు. దోసె పెనం, బజ్జీల మూకుడు పెట్టాలంటే పొగ బయటికి పోవడానికి పెద్ద గొట్టం కావాలి. అది పై అంతస్తు దూలాల మధ్య నుంచి కప్పు దాకా వెళ్లాలి. మనది గ్రేడ్ 2 లిస్టెడ్ భవనం, అంటే చట్టం రక్షణలో ఉన్న పాత కట్టడం. ఆ పాత కర్రని కోయడానికి అనుమతి దొరకడం చాలా కష్టమని మాకు సలహా ఇచ్చిన ఆర్కిటెక్ట్ తేల్చి చెప్పారు. అందుకే ఆ ప్లాన్ వదిలేశాం. కొట్టు మాత్రం ఎక్కడికీ వెళ్లడం లేదు, లీజు మళ్లీ తీసుకున్నాం.

"ఇంత టెన్షన్ ఎందుకండీ, ఊరి బయట రిటైల్ పార్కులోకి మారిపోండి, పార్కింగ్ కూడా ఉంటుంది" అని చాలామంది అన్నారు. మంచి కోరే అన్నారు. మేం ఎందుకు మారడం లేదో చెప్పాలంటే ఈ భవనాల సంగతి కొంచెం చెప్పాలి.

చెస్టర్ నడిబొడ్డున ఉన్న నాలుగు పెద్ద వీధులు ఈస్ట్‌గేట్, బ్రిడ్జ్, వాటర్‌గేట్, నార్త్‌గేట్. ఒకప్పటి రోమన్ కోట దారుల తీరు వీటిలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఈ వీధుల్లో కొట్లు రెండు వరుసలుగా ఉంటాయి. వీధిలోంచి దిగితే నేలమాళిగ కొట్లు. మెట్లెక్కితే కప్పు కింద నడిచే దారి, దాని వెంట మనలాంటి కొట్లు. ఈ పై దారినే రోస్ అంటారు. మనం నడిచే నేల కింది కొట్టుకి కప్పు, మన నెత్తి మీద ఉన్నది పై అంతస్తు గది. భవనాలు వేరువేరు యజమానులవి. అయినా ఆ దారిలో నడిచే హక్కు అందరిదీ.

ఇది 13వ శతాబ్దంలో రూపం పోసుకున్న పద్ధతి. 1278లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలావరకు కాలిపోయింది. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్ మీద దండయాత్రలకి చెస్టర్‌ని స్థావరంగా చేసుకున్నదీ ఆ రోజుల్లోనే. సైన్యంతో పాటు వ్యాపారమూ వచ్చింది. రెండు వరుసలు ఎందుకు వచ్చాయన్నదానికి చరిత్రకారులు రకరకాల కారణాలు చెబుతారు. వీధి వెనక రోమన్ శిథిలాలు పేరుకుపోయి నేల ఎత్తుగా ఉండేదన్నది వాటిలో ఒకటి. నాకు అదే నమ్మకంగా అనిపిస్తుంది. వీధి వైపు నుంచి మన కొట్టుకి మెట్లెక్కి రావాలి, వెనక తలుపు తీస్తే మాత్రం నేరుగా పెరట్లోకే అడుగు పడుతుంది.

బిల్లు కట్టేటప్పుడు చాలామంది సంచులు ఆనించే వాలు బల్ల ఉంది చూడండి, నడిచే దారికీ వీధి వైపు కటకటాలకీ మధ్య. దాన్ని స్టాల్‌బోర్డ్ అంటారు. వెనకటికి దాని మీద సరుకు పరిచి అమ్మేవాళ్లు. అది వాలుగా ఎందుకుందంటే, దాని కిందే నేలమాళిగలోకి దిగే వాకిలి. దిగేవాళ్లకి తల తగలకుండా అలా ఎత్తి కట్టారు.

అందరూ ఫొటోలు తీసుకునే నలుపు తెలుపు చెక్క ముఖాలు చాలావరకు విక్టోరియా రాణి కాలంవి. ఆ నాలుగు వీధులూ కలిసే చోటైన క్రాస్ దగ్గర మూల మీదున్న అందమైన భవనం 1888లో ఆర్కిటెక్ట్ టి. ఎం. లాక్‌వుడ్ కట్టింది. వాటర్‌గేట్ వీధిలో 1652 అని రాసి ఉన్న గాడ్స్ ప్రావిడెన్స్ హౌస్ అనే ఇంటిని కూడా 1862లో తిరగకట్టారు. "అయితే అంతా నకిలీయేగా" అంటే నేను ఒప్పుకోను. ముఖం కొత్తగా కట్టినా, నడిచే దారిని మూయకుండా వదిలారు. అదే అసలు విషయం.

మూసేస్తే ఏమవుతుందో చూడాలంటే లోయర్ బ్రిడ్జ్ స్ట్రీట్‌కి వెళ్లండి. 1643లో, ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం నడుస్తుండగా, సర్ రిచర్డ్ గ్రోవ్‌నర్ అనే పెద్దమనిషి తన ఇంటి ముందున్న పై దారి ముక్కని ఇంట్లో కలుపుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. తర్వాత మరికొందరు అదే దారి పట్టారు. ఇప్పుడు ఆ వీధిలో పై దారి చాలావరకు లేదు. ప్రతి ఇంటివాళ్లూ తమ ముక్కని తెరిచి ఉంచితేనే ఇది దారి. నాకు నచ్చినట్టు నా ముక్కని మార్చేస్తే పక్కవాళ్లది కూడా పాడవుతుంది. అందుకే ఈ రూల్స్ కష్టమనిపించినా నేను వాటి వైపే ఉంటాను.

1947 చట్టంతో ఇంగ్లండ్‌లో పాత భవనాల లిస్టింగ్ గట్టిపడింది. లిస్టయిన భవనంలో బయటి గోడే కాదు, లోపలి మెట్లు, దూలాలు, తలుపులు కూడా రక్షణ కిందకే వస్తాయి. అనుమతి లేకుండా మారిస్తే నేరం. చెస్టర్ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. 1968లో ఆర్కిటెక్ట్ డొనాల్డ్ ఇన్‌సాల్ ఈ పాత ఇళ్లని కాపాడటంపై ఇచ్చిన నివేదిక తర్వాత మరమ్మతుల కోసం ఊరి పన్నులోంచే ప్రత్యేకంగా డబ్బు తీసిపెట్టారు. అప్పటికి చాలా ఇళ్లు కూలడానికి సిద్ధంగా ఉన్నాయి. మనం ఈరోజు ఇక్కడ గోంగూర అమ్ముకుంటున్నామంటే ఆ పని పుణ్యమే.

ఇక మీరు తరచూ అడిగేవి. మెరిసే లైట్ల బోర్డు రాదు, చెక్క మీద చేత్తో రాయించిన తెలుగు, ఇంగ్లీష్ అక్షరాల బోర్డు వస్తుంది. చలి సంగతికొస్తే, పాత అద్దాలు తీసి డబుల్ గ్లేజింగ్ (రెండు పొరల అద్దం) పెట్టడం లేదు. చిన్న చిన్న అద్దాలున్న షాపు కిటికీలు సాధారణంగా పాతవి, ఎందుకంటే అప్పట్లో గాజుని ఊది, తిప్పి పళ్లెంలా చేసి ముక్కలు కోసేవాళ్లు. 1845లో గాజు మీద పన్ను తీసేశాక పెద్ద అద్దాలు చవకయ్యాయి. మన అద్దంలోంచి చూస్తే ఎదురు భవనం కాస్త అలలు అలలుగా కనిపిస్తుంది, దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. లోపలి వైపు విడిగా ఇంకో అద్దం బిగించడానికి దరఖాస్తు పెట్టాం. దానికి ఫీజు లేదు, కానీ డ్రాయింగులకి ఖర్చయింది. మామూలుగా 8 వారాల్లో నిర్ణయం రావాలి.

డబ్బు విషయం దాచను. లీజు ప్రకారం మరమ్మతులు మావే. లిస్టెడ్ భవనాల్లో అనుమతి పొందిన మార్పులకి ఒకప్పుడు వ్యాట్ (అమ్మకం పన్ను) ఉండేది కాదు. 2012 అక్టోబర్ నుంచి వాటికీ 20 శాతం కట్టాలి. అందుకని వచ్చే నెల నుంచి పచ్చళ్ల ధరలు కొంచెం పెరుగుతాయి. పొడుల ధరలు పెంచడం లేదు.

జంతికలు, చెగోడీలు, అరిసెలు వేరే చోట అద్దె వంటగదిలో వండించి శుక్రవారం సాయంత్రానికి కొట్టుకి తెస్తాం. దోసె, ఇడ్లీ పిండి ముందుగా చెబితే తీసి ఉంచుతాం. పిల్లల బండితో వచ్చేవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్లెక్కనక్కర్లేదు. కింద వీధిలో నిలబడి ఫోన్ చేయండి, సరుకు మేమే తెచ్చిస్తాం. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా తెరిచే ఉంటాం.