బండి అమ్మేయమన్నావు కదా, దానికి నా జవాబు

చిన్నీ,

అమ్మమ్మ మాసికం రోజున ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వంటింట్లో అత్తయ్య పక్కనే ఉంది, వచ్చినవాళ్లకి విస్తళ్లు వేస్తున్నారు. "ఇంక ఆ బండి అమ్మేసి ఒక్కచోట ఉండండమ్మా, మీ ఇద్దరిలో ఎవరికైనా ఏమైనా అయితే ఏ ఎడారిలో వెతకాలి మిమ్మల్ని" అన్నావు. కడుపుతో ఉన్న పిల్లవి, నీకు ఆ టెన్షన్ ఉండకూడదు. అందుకే అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్‌కి తిరిగొచ్చి, మాకు ఇల్లైన ఆ బండి సర్దుకోగానే ఇది రాయడానికి కూర్చున్నాను. తీరిగ్గా చదువు. అల్లుడుగారి చేత కూడా చదివించు, చివర్లో ఆయనకీ పని ఉంది.

జరిగింది నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మామయ్య ఫోన్ చేసేసరికి ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర, ఊళ్లో తెల్లవారుజామున నాలుగు. అరిజోనాలో గడియారాలు మార్చరు కాబట్టి ఏడాది పొడుగునా తేడా పన్నెండున్నర గంటలే. ఆ వేళలో ఊరి నుంచి ఫోన్ వచ్చిందంటే ఎత్తకముందే కాళ్లు ఆడవు. "అక్కా, అమ్మ వెళ్లిపోయింది" అన్నాడు. నిద్రలోనే. రాత్రి మజ్జిగన్నం తిని, మాత్ర వేసుకుని పడుకుందట.

కాసేపటికి వాడే అడిగాడు, "నువ్వొచ్చేదాకా ఉంచమంటావా? ఫ్రీజర్ బాక్స్ తెప్పిస్తాను" అని. నాన్న అప్పటికే లెక్క కడుతున్నారు. ఇక్కడి నుంచి లాస్ ఏంజెలెస్ నాలుగు గంటల రోడ్డు. అక్కడి నుంచి దుబాయ్‌కి పదహారు గంటల విమానం. తర్వాత హైదరాబాద్, రాజమండ్రి, మళ్లీ కారులో రావులపాలెం మీదుగా రాజోలు వైపు. ఎంత పరుగెత్తినా మూడోరోజు పొద్దున్నకి గానీ చేరం. నేను "వద్దురా, ఉంచొద్దు" అన్నాను. తాతయ్య పోయినప్పుడు బంధువుల కోసం ఒకరాత్రి ఆపితే అమ్మమ్మ ఎంత నలిగిపోయిందో నేను చూశాను. "నన్ను మాత్రం ఎవరికోసమూ ఐసుపెట్టెలో పెట్టకండి, ఏ వేళకి పోతే ఆ వేళకే పంపించెయ్యండి" అని అప్పుడే చెప్పింది. ఆ మాట మామయ్యకి గుర్తుచేశాను. వాడు ఫోన్ పట్టుకునే ఏడ్చాడు.

ఆ సాయంత్రం గురించి నీకు చెప్పాలి. మేమున్నది ప్రభుత్వ భూమి. చలికాలం గడపడానికి ఆర్వీల్లో, అంటే ఇల్లులాంటి బండ్లలో, వచ్చేవాళ్లకి సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా అక్కడ ఉండనిస్తారు గానీ, మనుషులు లేకుండా బండిని రోజుల తరబడి వదిలి వెళ్లనివ్వరు. కాబట్టి ట్రక్కుకి తగిలించి లాగే మన బండిని, అదే ఫిఫ్త్ వీల్‌ని, ఊళ్లో ఒక స్టోరేజ్ లాట్‌లో పెట్టాలి. జనవరి చివర్లో ఇక్కడ ఆర్వీల సంత లాంటిది జరుగుతుంది, ఎక్కడ చూసినా బండ్లే. చోటు దొరుకుతుందో లేదో తెలియదు. పక్క బండిలో ఉండే ముసలాయన లారీ నడిపి రిటైరైన మనిషి. మా గొడవ చూసి ఏమైందని అడిగాడు. నాన్న చెప్పగానే టోపీ తీసి, రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడి, తర్వాత తనే ఫోన్లు చేసి చోటు సంపాదించాడు. ఆయన భార్య మాకు రాత్రికి సూప్ పంపింది. ఊళ్లో మన పక్కింటివాళ్లు చేసిన పనే వాళ్లూ చేశారు, వేరే భాషలో.

నేను లోపల పని పట్టుకున్నాను. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు మూసుకుపోకుండా మధ్యలో తువ్వాలు మడిచి పెట్టాను. మూసేస్తే బూజు పట్టేస్తుంది. పప్పులూ బియ్యమూ గట్టి డబ్బాల్లోకి మార్చాను, ఎడారి ఎలుకలకి సంచులు ఒక లెక్క కాదు. నాన్న గ్యాస్ వాల్వులు కట్టేసి, బాత్రూం ట్యాంకు, కిచెన్ ట్యాంకు డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసి, కడిగి వచ్చారు. ఇక్కడ రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి అరుదు కాబట్టి పైపుల్లో యాంటీఫ్రీజ్ ఎక్కించే పని తప్పింది. అదే కొలరాడోలోనో మోంటానాలోనో ఉండుంటే ఆ రాత్రి తెమిలేది కాదు. పాస్‌పోర్టులూ ఓసీఐ కార్డులూ ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి వీసాల గొడవ లేదు. నీ ఓసీఐ ఒకసారి తీసి చూసుకో, కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నాక దాని సంగతి చూశావో లేదో.

అమ్మమ్మని తీసుకెళ్లేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటింది. మామయ్య కొడుకు వీడియో కాల్ పెట్టాడు. స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది కాబట్టి బొమ్మ ఎక్కడా ఆగలేదు. ఆకుపచ్చ అంచున్న పసుపు చీర కట్టారు, నేను పోయిన దసరాకి కొన్నది. పాడె వీధి మలుపు తిరిగే చోట వాడి చెయ్యి వణికి ఫోన్ పక్కకి వాలిపోయింది. కాసేపు కొబ్బరిచెట్ల మొవ్వులూ, ఆకాశమూ, డప్పుల చప్పుడూ మాత్రమే. మళ్లీ పెట్టమని అడగలేదు. నాన్న నా పక్కనే డైనింగ్ బల్ల దగ్గర కూర్చున్నారు. ఇద్దరం అక్కడే స్నానాలు చేసి, తెల్లారగానే బండిని లాట్‌లో వదిలి, ట్రక్కులో లాస్ ఏంజెలెస్ బయల్దేరాం.

సంచయనానికి అందాం. అస్థులు అంతర్వేది తీసుకెళ్లి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కలిపారు. భీష్మ ఏకాదశి తీర్థానికి అప్పటికే దుకాణాలు వేస్తున్నారు, జీళ్లూ ఖర్జూరాలూ రాశులు పోస్తున్నారు. పదోరోజు అందరితో పాటు ధర్మోదకాలు వదిలాను. నువ్వు రాలేకపోయానని కుమిలిపోకు. ఐదో నెల కడుపుతో చావింటికి రావడం అమ్మమ్మే ఒప్పుకునేది కాదు. "ముందు దాన్ని చూసుకోండే" అనేది.

పెద్దకర్మ భోజనాల దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "అమెరికాలో ఇల్లమ్ముకుని బండిలో తిరుగుతున్నారటమ్మా, ఎంత కష్టమొచ్చింది" అంది. నిజంగా బాధపడే అంది. నేనావిడకి ఏం చెప్పానో నీకూ అదే చెప్తున్నాను. అమ్మ ఆఖరి చూపు నాకు దక్కకపోవడానికి కారణం ఆ బండి కాదు. డాలస్‌లో మన పాత ఇంట్లో ఉన్నా ఆ ఫోన్ అలాగే వచ్చేది, అన్నే గంటల విమానం ఎక్కేవాళ్లం, మూడోరోజుకే చేరేవాళ్లం. నాన్నా నేనూ రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగిననాడే ఆ దూరం మొదలైంది. ఇల్లు కొన్నా పోలేదు, అమ్మినా పెరగలేదు. తాతయ్య పోయినప్పుడు నాకు ఇల్లూ ఉంది, ఉద్యోగమూ ఉంది. రెండు వారాల సెలవు దొరికింది. పెద్దకర్మ అయిన మర్నాడే అమ్మమ్మని ఒంటరిగా వదిలేసి వచ్చాను. గేటు పట్టుకుని నిలబడిన ఆ మనిషి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది.

ఇల్లమ్మేసి బండిలోకి వచ్చాక సెలవులు అడిగే పని లేదు, ఇంటి అప్పూ పన్నులూ లేవు. నిరుడు వానాకాలమంతా అమ్మమ్మ దగ్గరే ఉన్నాను. ఆవిడ తల దువ్వాను, కంటి ఆపరేషన్ చేయించాను, మధ్యాహ్నాలు పక్కనే పడుకుని నా చిన్నప్పటి కబుర్లు చెప్పించుకున్నాను. నీ పెళ్లికి ముందు అన్నేళ్లలో అంత తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు. ఈసారి కూడా మొదటి మాసికం దాకా ఆగి, మామయ్యతో కూర్చుని అమ్మ పెట్టె సర్ది, మందులవాడి బాకీ తీర్చి వచ్చాను. అది ఈ బండి వల్లే కుదిరింది చిన్నీ.

ఇంకోటి చూడు. అమ్మమ్మ వంటింటి గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పాల లెక్క రాసుకునేది. అర లీటరు, లీటరు అని అంకెలు. వాటి కిందే పెన్సిల్‌తో, తిథికీ వర్జ్యానికీ మధ్య ఇరికించి, మేం ఆ రోజు ఏ ఊళ్లో ఉన్నామో రాసుకుంది. "మోయాబు". "పేజి". "తావోసు". సాయంత్రం ఫోన్‌లో "ఇవాళ ఏ ఊరే?" అని అడిగి ఊరుకుంటుందనుకున్నాను. నిరుటి క్యాలెండర్లు కూడా తీసి చూశాను, అన్నిట్లోనూ ఉన్నాయి. గ్లేషియర్ పార్కులో సిగ్నల్ లేని రోజులకి ప్రశ్నార్థకం పెట్టింది. అత్తయ్య చెప్పింది, పక్కింటి పిల్లాడి చేత ఫోన్‌లో ఆ ఊళ్ల ఫొటోలు తెరిపించుకుని చూసేదట, "మా అమ్మాయి ఇవాళ ఈ కొండ దగ్గరుంది" అని. ఆ క్యాలెండర్లన్నీ అడిగి తెచ్చుకున్నాను. నీకిస్తాను.

కాబట్టి మేం ఆపటం లేదు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు తిరుగుతాం. నాన్నకి ట్రక్కు వెనక్కి తీయడం కష్టమైన రోజున మేమే చెప్తాం. కానీ నువ్వన్న భయం ఉత్త భయం కాదు, అందుకే కొన్ని ఏర్పాట్లు చేశాం. జాగ్రత్తగా విను.

ప్రతి ఆదివారం ఆ వారం ఎక్కడుంటామో, సైట్ నంబరూ పార్కు ఆఫీసు ఫోన్ నంబరూ నీకు మెసేజ్ చేస్తాం. ఒకరోజంతా మేం పలక్కపోతే ఆ ఆఫీసుకి ఫోన్ చెయ్యి, రేంజర్ వచ్చి తలుపు కొడతాడు. మంచం కింద అరలో బూడిదరంగు ఇనప్పెట్టె ఉంది. విల్లు, ఇద్దరి వైద్యం నిర్ణయాల పవర్ ఆఫ్ అటార్నీ, బండి టైటిల్, ట్రక్కు టైటిల్, బ్యాంకు కాగితాలూ అన్నీ అందులోనే. మన అడ్రస్ సౌత్ డకోటాది. తిరుగుతూ బతికేవాళ్లు చాలామంది సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడాల్లో ఎక్కడో ఒకచోట అడ్రస్ పెట్టుకుంటారు, రాష్ట్రం ఆదాయపు పన్ను ఉండదు, ఉత్తరాలు పంపించే ఏర్పాటూ ఉంటుంది. కానీ మరణ ధ్రువపత్రం మాత్రం ప్రాణం ఏ రాష్ట్రంలో పోతే ఆ రాష్ట్రమే ఇస్తుంది. ముద్ర వేసిన కాపీలు ఓ పది తీసుకో, అడిగిన ప్రతివాడికీ ఒరిజినలే కావాలి. బండి తెచ్చే పని అల్లుడుగారిది. ఫిఫ్త్ వీల్ లాగే ట్రక్కుని రోడ్డు మీద కొత్తగా నేర్చుకోకూడదు. ఆయన వచ్చినప్పుడు నాన్న ఖాళీ పార్కింగ్ లాట్‌లో నేర్పిస్తారు.

ఎక్కడ పోతే అక్కడే దహనం చేయించు. శరీరాన్ని విమానాల్లో మొయ్యకు, నీ కోసం గానీ ఎవరి కోసం గానీ రోజుల తరబడి ఆపకు. అమ్మమ్మ మాటే నా మాట. కొడుకు లేడని ఎవరైనా నసిగితే వినకు, నిప్పు నువ్వే పెట్టు. అస్థులు గోదావరిలో కలిపితే సంతోషం, తొందరేం లేదు, నీకు వీలైనప్పుడే. తీసుకెళ్లాలంటే మరణ ధ్రువపత్రం, ఫ్యునరల్ హోమ్ వాళ్లిచ్చే దహనం కాగితం, మన కాన్సులేట్ నుంచి పత్రం చూసుకోవాలి. చెక్కదో ప్లాస్టిక్‌దో పెట్టె తీసుకో, లోహపు కలశమైతే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రేలో లోపల ఏముందో కనపడదు, ఆపేస్తారు. హ్యాండ్ లగేజీలోనే పెట్టుకో.

దిక్కులేని చోట పోతామేమో అని నీ మనసులో ఉంటుంది. ఇక్కడ క్వార్ట్‌జ్‌సైట్ శ్మశానంలో హై జాలీ అనే ఆయన సమాధి ఉంది. అసలు పేరు హాజీ అలీ, సిరియా వైపు మనిషి. అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోయించడానికి ఒంటెలు తెప్పించినప్పుడు 1856లో వాటితో పాటు వచ్చి, ఇక్కడే ఉండిపోయి, 1902లో ఇక్కడే పోయాడు. 1935లో ఆయన సమాధి మీద రంగురాళ్లతో పిరమిడ్ కట్టి, పైన రాగి ఒంటెని నిలబెట్టారు. మేం వెళ్లినప్పుడు ఎవరో దాని దగ్గర పూలు పెట్టి ఉన్నారు. సముద్రాలు దాటి వచ్చిన మనిషిని ఈ ఊరు తనవాడే అనుకుంది. నాకది చూసి చాలా ధైర్యంగా అనిపించింది.

ఇంక నీ పురుడు సంగతి. ఏప్రిల్ మొదట్లోనే ఇక్కడి నుంచి బయల్దేరతాం. ఓక్లహోమా వైపు ఆ నెలల్లో సుడిగాలులు ఎక్కువ, అందుకే రోజూ కొద్దికొద్దిగా, వాతావరణం చూసుకుంటూ వస్తాం. మే నెలకి షికాగో చేరతాం. జయాన్ దగ్గర ఇల్లినాయ్ బీచ్ స్టేట్ పార్కులో కరెంటున్న సైటు చూస్తున్నారు నాన్న. అక్కడ ఒక విడతకి 14 రోజులకి మించి ఉండనివ్వరు కాబట్టి ఆయన చుట్టుపక్కల మారుతూ ఉంటారు. నేను మాత్రం నీ ఇంట్లోనే. బిడ్డకి మూడో నెల వచ్చేదాకా కదలను. కాయం మామయ్య చేత కొట్టించి తెచ్చాను, అత్తయ్య పాత చీరలు చింపి పక్కబట్టలు కుట్టి ఇచ్చింది. అందులో అమ్మమ్మవి రెండున్నాయి.

ఇనప్పెట్టె రెండో తాళంచెవి నీకు కొరియర్ చేశాం, సంతకం పెట్టి తీసుకోవాలట, గురువారం ఇంట్లో ఉండు. షుగర్ టెస్ట్ రిజల్ట్ రాగానే ఫోన్ చెయ్యి.

అమ్మ