లాంగ్‌హార్న్స్ ఆటగాడు మన బిర్యానీ తింటే గల్లాపెట్టెలోకి ఎంతొస్తుంది?

ఆస్టిన్ పక్కనున్న సీడర్ పార్క్‌లోని మన బిర్యానీ కొట్టు నుంచి అందరికీ నమస్కారం.

ఫుట్‌బాల్ సీజన్ మొదలైనప్పటి నుంచీ మీరు అడుగుతూనే ఉన్నారు, "మన టెక్సాస్ యూనివర్సిటీ టీమ్ లాంగ్‌హార్న్స్ కుర్రాడెవరిచేతైనా మన బిర్యానీకి ఒక వీడియో చేయించొచ్చుగా, ఆస్టిన్ ఆస్టినంతా దిగుతుంది" అని. ఒక మార్కెటింగ్ ఏజెన్సీ అతను కౌంటర్ దగ్గరికొచ్చి రేట్ల కాగితం కూడా పెట్టి వెళ్లాడు. నేనూ మా ఆవిడా కూర్చుని లెక్క వేసుకున్నాం. ఏం తేలిందో మీకూ చెప్పేస్తున్నాను, ఎలాగూ ఆ ఖర్చు చివరికి మీ బిల్లు మీదకే వస్తుంది కాబట్టి.

ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లల కోసం రెండు ముక్కలు. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి మన యూనివర్సిటీ స్టేడియంలో లక్షమంది దాకా పడతారు. టీవీ హక్కులు, టికెట్లు, టీషర్టులు, ఎటు చూసినా డబ్బే. అయినా ఇదివరకు ఆడే పిల్లలు మాత్రం స్కాలర్‌షిప్ పుచ్చుకుని నోరు మూసుకోవాల్సి వచ్చేది, ప్రకటనల్లో రూపాయి తీసుకున్నా వేటు పడేది. 2019లో కాలిఫోర్నియా దానికి విరుగుడుగా చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు, చదువుకు సంబంధించిన సాయం మీద, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులను 9-0తో కొట్టేసింది. ఆ గాలికి భయపడి ఎన్‌సీఏఏ జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చని ఒప్పుకుంది. అందరూ ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్) అంటున్నది దీన్నే.

ఇక స్పాన్సర్ వైపు సంగతి. మొదటి రోజే బూస్ట్ మొబైల్ అనే ఫోన్ కంపెనీ వాళ్లు ఫ్రెస్నో స్టేట్ బాస్కెట్‌బాల్ కవలలు కావిండర్ సిస్టర్స్‌ని పట్టుకుని టైమ్స్ స్క్వేర్‌లో బోర్డు ఎక్కించారు. కూల్‌డ్రింక్ కంపెనీ డాక్టర్ పెప్పర్, క్లెమ్‌సన్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ముఖ్యమైన ఆటగాడు) డీజే ఉయాంగలెలెయ్‌ని టీవీ ప్రకటనలో పెట్టింది. ఆ 2021 సీజన్‌లోనే అతని ఆట తేలిపోయింది, విసిరి తెచ్చిన టచ్‌డౌన్ల (గోల్ లాంటివి) కంటే ఇంటర్‌సెప్షన్లే (ఎదుటి టీమ్ చేతికి చిక్కిన బంతులు) ఎక్కువ. తర్వాత అతను ఒరెగాన్ స్టేట్‌కీ, అక్కడి నుంచి ఫ్లోరిడా స్టేట్‌కీ వెళ్లిపోయాడు. డాక్టర్ పెప్పర్‌కి ఏమీ కాలేదు, దానికి అలాంటి ప్రకటనలు బోలెడు. ఊళ్లో ఒక్క ఆటగాడి మీద ఏడాది పబ్లిసిటీ డబ్బంతా పెట్టిన చిన్న కొట్టువాడైతే ఏమయ్యేవాడు? పైగా ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ నిబంధనలు బాగా సడలించారు. ఈ డిసెంబరులో మన గోడ మీద బొమ్మగా ఉన్నవాడు వచ్చే ఆగస్టులో మన పాత ప్రత్యర్థి ఓక్లహోమా జెర్సీలో కనిపించొచ్చు. ఆ బొమ్మ ముందు కూర్చుని ఆస్టిన్ జనం బిర్యానీ తింటారంటారా?

చిన్నవాళ్లు గెలిచిన కథలూ ఉన్నాయి, లేవనను. నాకు బాగా నచ్చింది ఒమాహా కథ. 2022లో నెబ్రాస్కా టీమ్‌లోకి ఒక కొత్త కుర్రాడొచ్చాడు, పేరు డికోల్డెస్ట్ క్రాఫర్డ్. "అందరికంటే చల్లనివాడు" అని పేరు పెట్టుకున్నవాణ్ణి ఎవరు వదులుతారు? ఒమాహాలోని ఎస్‌ఓఎస్ హీటింగ్ అండ్ కూలింగ్ అనే ఏసీ కంపెనీ అతనితో ప్రకటన తీసింది. దేశమంతా నవ్వుకుంది, పేపర్లు, టీవీలు ఊరికే ప్రచారం చేసిపెట్టాయి. ఆ కుర్రాడు మోకాలి దెబ్బతో ఆ సీజనంతా ఆడనే లేదు. ఆ తర్వాత లూసియానా టెక్‌కి వెళ్లిపోయాడు. అయినా కంపెనీకి దక్కాల్సింది దక్కింది, ఎందుకంటే వాళ్లు కొన్నది పేరునీ, అందులోని జోకునీ. ఆట ఎలా ఉన్నా వాళ్లకు పోయేదేమీ లేదు.

ఇంకో సంగతి చూడండి. ఏసీ కొత్తది పెట్టించుకునే ఇల్లు ఒక్కటి దొరికితే వేల డాలర్ల పని. అలాంటి కస్టమర్లు కొద్దిమంది కొత్తగా వచ్చినా వీడియో ఖర్చు తిరిగొచ్చేస్తుంది. మన దగ్గర బిర్యానీ 16 డాలర్లు. బియ్యం, మాంసం, నూనె, డబ్బా, కిచెన్‌లో కూలి, కార్డు ఫీజు అన్నీ పోగా ఓ 4 డాలర్లు మిగిలితే అదృష్టమే. ఒక వీడియో, రెండు పోస్టులకు 1,500 డాలర్లు ఇచ్చామనుకోండి. అసలు రాబట్టడానికే 375 బిర్యానీలు అదనంగా అమ్మాలి. "అదనంగా" అన్న చోటే చిక్కంతా. ఎలాగూ శుక్రవారం సాయంత్రం వచ్చే మీరు వచ్చి, "వీడియో చూశాం" అంటే అది నా లెక్కలోకి రాదు. కొత్తవాళ్లు డెలివరీ యాప్‌లో ఆర్డర్ పెట్టారనుకోండి, వాళ్ల కమీషన్ 30 శాతం దాకా ఉంటుంది. 16 డాలర్ల మీద అది 4.80. మిగులు సంగతి దేవుడెరుగు, నేనే ఎదురు డబ్బిచ్చి భోజనం పెట్టినట్టు.

ఆ ఆటగాడికి ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షమంది ఫాలోవర్లున్నా, వాళ్లు హ్యూస్టన్‌లో, డాలస్‌లో, ఎల్ పాసోలో ఉంటారు. మా సీడర్ పార్క్ కొట్టుకి ఇరవై నిమిషాల దూరంలో ఉండి, కారం తినగలిగి, ఇదివరకు మా గడప తొక్కనివాళ్లు ఎంతమంది? ఏజెన్సీ అతను దీనికి జవాబు చెప్పలేదు, ఎంగేజ్‌మెంట్ రేటు (లైకులు, కామెంట్ల లెక్క) చూపించాడు.

"కూపన్ కోడ్ పెట్టండి, ఎంతమంది వచ్చారో తెలిసిపోతుంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ కోడ్ మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో గంటలో తిరగదూ? ఎన్నేళ్లుగానో పూర్తి ధర ఇస్తున్న మీరే ఆ కోడ్ వాడి పది శాతం తగ్గించుకుంటారు (తప్పేం లేదు, నేనైనా అదే చేస్తాను). చివర్లో రిపోర్టు మాత్రం "కోడ్ వాడినవారు 400 మంది, అద్భుతం" అని వస్తుంది.

ఆ రేట్లు అంత ఎక్కువ ఎందుకంటే, పేపర్లో చదివే పెద్ద ఒప్పందాల్లో చాలా డబ్బు వ్యాపారులది కాదు, కలెక్టివ్‌లది. అంటే పూర్వ విద్యార్థులు, వీరాభిమానులు చందాలేసుకుని పెట్టిన సంఘాలు. వాళ్లకు సబ్బులు, బిర్యానీలు అమ్ముడవక్కర్లేదు, మంచి క్వార్టర్‌బ్యాక్ తమ టీమ్‌లో ఉంటే చాలు. పేరుకు ఎండార్స్‌మెంట్, నిజానికి జీతం. అభిమానంతో పెరిగిన ధరని, గిట్టుబాటు చూసుకునే కొట్టువాడు కట్టాలంటే ఎలా? 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం దొరికింది. ఇప్పుడు యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించొచ్చు, 2025-26లో ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. బయటివాళ్ల ఒప్పందం 600 డాలర్లు, అంతకు మించి ఉంటే డెలాయిట్ అనే ఆడిట్ కంపెనీ నడిపే ఎన్‌ఐఎల్ గో అనే చోట చూపించాలి, నిజంగా వ్యాపారం కోసమేనా అని వాళ్లు పరీక్షిస్తారు. నాకైతే ఇది మంచిదే అనిపించింది. మనలాంటివాళ్లకు రేట్లు కాస్త నేలకి దిగుతాయేమో.

ప్రసిద్ధుల చేత చెప్పిస్తే అమ్మకాలు అసలు పెరగవని నేననట్లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో అనీతా ఎల్బెర్స్, మరొకరితో కలిసి 2012లో అచ్చువేసిన అధ్యయనంలో, పెద్ద క్రీడాకారులతో ఒప్పందం చేసుకున్న బ్రాండ్ల అమ్మకాలు సగటున 4 శాతం దాకా పెరిగాయని తేల్చారు. దేశమంతా అమ్మే బ్రాండుకి 4 శాతమంటే కొండంత. మాకు 4 శాతమంటే శనివారం రెండు దమ్ముల బదులు రెండున్నర దమ్ములు కూడా కాదు. అదే కారణంగా బిల్ట్ బార్ అనే ప్రొటీన్ బార్ల కంపెనీ 2021లో బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) ఫుట్‌బాల్ టీమ్‌లో స్కాలర్‌షిప్ లేని 36 మందికి ఫీజులు కట్టడం నాకు తెలివైన పనిగా కనిపించింది. ఒక్క స్టార్ మీద ఆధారపడలేదు, వార్త దేశమంతా తిరిగింది, వాళ్ల సరుకేమో ఎక్కడికైనా పార్సిల్ అవుతుంది. మన దమ్ బిర్యానీ పార్సిల్ రౌండ్ రాక్ దాటేసరికే చల్లారిపోతుంది.

"మన తెలుగు పిల్లల్లో ఎవరూ లేరా?" అని ఒక అక్క అడిగారు. ఉన్నారు. మూలాలు నెల్లూరులో ఉన్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు టెన్నిస్ ఆడి 2024 డిసెంబరులో ప్రొఫెషనల్ అయ్యాడు, మరుసటి నెలలోనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జోకోవిచ్ మీద ఒక సెట్ గెలిచాడు. అంతటివాడు కాలేజీలో ఉండేదే రెండేళ్లు, మనదాకా ఎందుకొస్తాడు! ఇక ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద వచ్చి ఆడే పిల్లలుంటే వాళ్ల జోలికి అసలు వెళ్లను. ఎఫ్-1లో డబ్బు తీసుకుని చేసిన వీడియో పని కింద లెక్కొస్తే వీసాకే ముప్పు. కెంటకీ తరఫున ఆడిన కాంగో కుర్రాడు ఆస్కార్ చీబ్వే అందుకే 2022లో టీమ్‌తో అమెరికా బయట, బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ప్రకటనల పని చేసుకున్నాడు. ఇంత తలనొప్పి ఏమిటో మన విద్యార్థులకు నేను చెప్పాలా?

కాబట్టి ఫుట్‌బాల్ ఆటగాడు లేడు. ఒక చిన్న ప్రయోగానికి మాత్రం ఒప్పుకున్నాం. యూనివర్సిటీ ట్రాక్ టీమ్‌లో ఒక అమ్మాయి, ఇప్పటికే మా దగ్గర తింటుంది, ఫాలోవర్లు తక్కువే కానీ ఎక్కువమంది ఆస్టిన్‌వాళ్లే. 600 డాలర్ల లోపు డబ్బు, టీమ్‌కి రెండు ట్రేల పులావ్. డబ్బు తీసుకుని చేసిన వీడియో అని అందులో స్పష్టంగా రాస్తుంది, అది చట్టం. యూనివర్సిటీ లోగో ఉండదు, దానికి వేరే అనుమతి కావాలి. కూపన్ లేదు. మెనూలో లేని పెసరట్టు రోల్ ఒకటి ఆ వీడియోలో మాత్రమే చెబుతాం. కౌంటర్‌లో ఎవరైనా దాన్ని అడిగితే ఎక్కడి నుంచి వచ్చారో మాకు తెలిసిపోతుంది. మీరు దయచేసి సరదాకి అడిగి మా లెక్క చెడగొట్టకండి. మీకు కావాలంటే నెల తర్వాత అందరికీ మెనూలో పెడతాం, వీడియోకి ఎంత ఖర్చయిందో, ఎన్ని రోల్స్ పోయాయో కూడా అప్పుడే రాస్తాను.

ఫుట్‌బాల్ వీడియోకని అనుకున్న మిగతా డబ్బుతో శుక్ర, శనివారాల్లో ఫోన్ ఎత్తడానికి ఇంకో మనిషిని పెడుతున్నాం. బిర్యానీ ధర సంక్రాంతి దాకా 16 డాలర్లే. ఫ్యామిలీ ప్యాక్ కావాల్సినవాళ్లు మధ్యాహ్నం రెండు లోపు చెప్పేయండి.