ముందు పరీక్ష రాయి, గ్యాస్ సంగతి తర్వాత చూద్దాం

నల్గొండ,
ఆదివారం రాత్రి

అరేయ్ రమేశూ,

మంచిగ ఉన్నావా? చెల్లె, పిల్లలు బాగున్నారా? మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బడిలో ఉన్నాను, పక్కనే హెడ్మాస్టరు సారు, అందుకే ఊ అని పెట్టేశాను. కానీ నువ్వు చెప్పింది రెండు రోజుల నుంచి మనసులో తిరుగుతూనే ఉంది. డాలస్‌లో మీ ఇంటి ఏసీ చల్లగా రావట్లేదని, నువ్వే గ్యాస్ నింపుదామని దుకాణానికి పోతే, పరీక్ష రాసి తెచ్చుకునే కార్డు లేనిదే అమ్మమన్నారని, కార్డున్న దోస్తు ఒకడు తన పేరు మీద డబ్బా తీసిస్తానన్నాడని అన్నావు కదా. ఆ పని చేయకు రా. ఆ కార్డేదో నువ్వే తెచ్చుకో. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నా, ఓపికగా చదువు.

మా బాపు కిరాణా దుకాణం గుర్తుందా, దేవరకొండలో? మజ్జిగ ప్యాకెట్లు, సోడాలు పెట్టే ఆ పాత ఫ్రిజ్? మూడు ఎండాకాలాలు వరుసగా అది ఏప్రిల్‌లో పడుకునేది, ఎవరో ఒక మెకానిక్ వచ్చి "గ్యాస్ అయిపోయింది" అని కొట్టి పోయేవాడు, మళ్లీ ఏడాదికి అదే కథ. గ్యాస్ అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా రా? పైపుల్లో తిరిగి తిరిగి అదే గ్యాస్ ఎన్నేళ్లయినా పని చేస్తుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఈ ఒక్క ముక్క బాపుకు ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. నాలుగో ఏడు నేనే స్పానర్ పట్టాను. వాల్వు విప్పితే తెల్లటి పొగ బుస్సుమని వచ్చి చూపుడువేలికి తగిలింది, సాయంత్రానికి బొబ్బ లేచింది. ద్రవంగా ఉన్న గ్యాస్ బయటికి రాగానే ఆవిరైపోతూ తగిలిన చోట వేడినంతా లాగేస్తుంది, ఆ ఫ్రిజ్‌లో ఉన్న ఆర్-134ఏ అనే గ్యాస్ సున్నాకు 26 డిగ్రీల కింద మరుగుతుంది మరి. ఆ బొబ్బ చూసుకున్నాకే నేర్చుకోకుండా దీన్ని ముట్టుకోవద్దని గట్టిగా అనుకున్నా.

మన దగ్గర బజార్లో నన్ను ఎవరూ కార్డు అడగలేదు, డబ్బులిస్తే డబ్బా ఇచ్చారు. అయినా హైదరాబాద్‌లో ఒక ట్రైనింగ్ సెంటర్లో ఆదివారం క్లాసులకు చేరాను. పొద్దున అయిదున్నర బస్సు ఎక్కితే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి ఎల్బీ నగర్‌లో దిగేసరికి ఎనిమిది. క్లాసులో అందరూ పదిహేనేళ్ల వయసు నుంచి ఈ పని చేస్తున్న పిల్లలే, లెక్కల సారును నేనొక్కణ్ణే. వాళ్ల చేతుల్లో ఉన్న ఒడుపు నాకు ఇప్పటికీ రాలేదు, కానీ మేం చేసే ప్రతి పనికి కారణం ఉందని మా అందరికీ అక్కడే తెలిసింది.

ఉదాహరణకు గ్యాస్ నింపేముందు పైపుల్లో గాలి లాగేసే వ్యాక్యూమ్ పంపు. చాలామంది పైపుల్లో గాలిని గ్యాస్‌తోనే తోసేసి అయిపోయిందంటారు. లోపల చెమ్మ మిగిలితే అది ఆయిల్‌తో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగ్‌ని తినేస్తుంది. పంపు పెట్టి 500 మైక్రాన్ల దాకా (ఒత్తిడి దాదాపు ఏమీ లేనంతగా) లాగితే ఆ ఒత్తిడిలో నీళ్లు మామూలు గది వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తాయి. తర్వాత పంపు ఆపి ముల్లు చూడాలి, పైకి పాకుతోందంటే లీకో చెమ్మో ఇంకా ఉంది. తెలిసిన రోజు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇంకొకటి మన నల్గొండ వాళ్లకు బాగా ఎక్కే విషయం. ఫ్లోరిన్ అంటే మనకు బోరు నీళ్లు, వంగిన కాళ్లు. ఈ గ్యాసుల్లో ఉన్నదీ ఆ మూలకమే, కాకపోతే కార్బన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి దాని జోలి మనకు రాదు. గ్యాస్ మిగిలి ఉన్న పైపు మీద అతుకేసే బ్రేజింగ్ మంట పెడితే మాత్రం ఆ పట్టు తెగి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది, ఆర్-22లో క్లోరిన్ కూడా ఉంటుంది కాబట్టి ఫాస్జీన్ అనే విషవాయువు కూడా వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ముందు గ్యాస్‌ని సిలిండర్లోకి తీసుకోవాలి, నైట్రోజన్ పంపాలి, ఆ తర్వాతే మంట. ఆ సిలిండర్ కూడా 80 శాతానికి మించి నింపకూడదు, మే నెలలో మన గడియారం సెంటర్ ఎండలో పెడితే ద్రవం వ్యాకోచించడానికి జాగా ఉండాలి కదా.

ఇక నీ సంగతి. నీ కోసం కూర్చుని చదివాను. మీ దగ్గర అడిగేది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల సెక్షన్ 608 కార్డు. కంపెనీలో పనిచేయాలనే నియమం లేదు, నీలాంటి వాడు సరదా కోసం నేర్చుకుని కూడా రాయొచ్చు. టైప్ 1 రాస్తే సరిపోతుందని మీ దోస్తు చెప్పాడన్నావు కదా, అది నీకు పనికిరాదు, అది 5 పౌండ్లలోపు గ్యాస్‌తో ఫ్యాక్టరీలోనే సీలు చేసి వచ్చే ఫ్రిజ్‌ల వంటి వాటికి. మీ ఇంటి ఏసీకి టైప్ 2 కావాలి. దాంతోపాటు కోర్ అని అందరికీ ఉమ్మడి భాగం ఒకటి. ఒక్కోదాంట్లో 25 ప్రశ్నలు, 18 కరెక్టయితే పాస్. అన్ని టైపులూ పాసైతే యూనివర్సల్ అంటారు. ఒకసారి వస్తే దానికి గడువు లేదు. మొదట ఓజోన్‌ను తినే గ్యాసులకే కార్డు అడిగేవారు, 2018 జనవరి నుంచి ఆర్-134ఏ, ఆర్-410ఏ లాంటి హెచ్ఎఫ్‌సీలకూ పెట్టారు. అందుకే నీకు డబ్బా ఇవ్వలేదు. ఒక్క మాట, ఆ కార్డు గ్యాస్ ముట్టుకోవడానికే. డబ్బు తీసుకుని పక్కింటివాళ్ల ఏసీ చేయాలంటే టెక్సాస్ లైసెన్స్ వేరే.

ఇంత పట్టుదల ఎందుకంటావా? లెక్క కట్టి చూశాను. బాపు ఫ్రిజ్‌లో పట్టేది 150 గ్రాములు. ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 1430 రెట్లు, అంటే 214 కిలోలతో సమానం. లీటరు పెట్రోలుకు 2.3 కిలోలు చొప్పున వేసుకో, నా బండి మీద నల్గొండ నుంచి హైదరాబాద్‌కు ఇరవైసార్లకు పైగా పోయి వచ్చినంత! మూడు ఎండాకాలాలు అంత గ్యాస్ దేవరకొండ గాలిలో కలిసిపోయింది రా, అదీ ఎవరూ లీకు వెతకలేదు కాబట్టి. మీ ఏసీలో అది ఆర్-410ఏ అయితే 2088 రెట్లు, పైగా పట్టేది కిలోల లెక్కన.

కాబట్టి నీ ఏసీకి కూడా ముందు లీకు పట్టుకో. అసలు గ్యాసే తగ్గిందో లేదో కూడా చూడు, ఫిల్టర్ మూసుకున్నా కాయిల్ మురికి పట్టినా చల్లగా రాదు. బాపు ఫ్రిజ్‌లో నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే వెనకాల ఒక అతుకు దగ్గర జొన్నగింజంత బుడగ మెల్లగా లేచింది, పగిలింది, మళ్లీ అక్కడే లేచింది. బాపును పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని వంగి చాలాసేపు చూసి "ఇంత చిన్నదా" అన్నాడు. అతుకేసి, వ్యాక్యూమ్ లాగి, తూకం మీద పెట్టి స్టిక్కర్ మీద ఉన్నంతే నింపాను. రెండు ఎండాకాలాలు అయింది, మళ్లీ గేజు పెట్టే పని పడలేదు.

పరీక్ష తేదీ ఖాయం కాగానే నాకు మెసేజ్ పెట్టు. గ్యాసులకు ఒత్తిడికి ఉష్ణోగ్రతకు ఉన్న పట్టిక ఒకటి ఉంటుంది, అదొక్కటి చదవడం వచ్చేదాకా వదలకు, ఆదివారం వీడియో కాల్‌లో కూర్చుంటే ఇద్దరం చేద్దాం. మీ దోస్తుకు వద్దని చెప్పు, నొచ్చుకుంటే నా పేరు చెప్పు. దసరాకు వస్తే దేవరకొండ పోదాం, బాపు నిన్ను అడుగుతున్నాడు.

నీ
వెంకటేశ్