మళ్లీ ఆడాను. మీ అందరికీ కృతజ్ఞతలు

ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో 71వ నిమిషంలో నాలుగో రెఫరీ బోర్డు ఎత్తారు. పచ్చ అంకెల్లో నా నంబరు. మోకాలికి దెబ్బ తగిలి ఆ రోజుకి ఏడాదికి ఆరు రోజులు తక్కువ. లోపలికి వెళ్లాను, ఆట ముగిసేదాకా లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడాను. మ్యాచ్ 1-1తో డ్రా అయింది.

ఆ రాత్రి నుంచి ఫోన్లు, మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాద్దామని కూర్చున్నాను. సగంలోనే అర్థమైంది, మీలో చాలామందికి జరిగినదాంట్లో ఒక ముక్కే తెలుసు. డబ్బు పంపినవాళ్లకి ఆపరేషన్ తర్వాత ఏం జరిగిందో తెలియదు. గ్రౌండ్‌లో సాయం చేసినవాళ్లకి క్లబ్ సంగతి తెలియదు. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. పేర్లు రాయొద్దని ముగ్గురు గట్టిగా చెప్పారు, కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

నా మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ 17 ఏళ్లకి వచ్చింది. 18 నిండనివాళ్లకి మూడేళ్లకి మించి కాంట్రాక్ట్ ఇవ్వకూడదని ఫిఫా నిబంధన. నాకు రెండేళ్లు ఇచ్చారు. ఆ వయసులో రెండేళ్లంటే ఎంతో కాలం అనిపించింది. మొదటి సీజన్‌లో నాలుగే మ్యాచ్‌లు, అన్నీ సబ్‌స్టిట్యూట్‌గానే. మొదటిసారి దిగినప్పుడు ఆడింది తొమ్మిది నిమిషాలు, బంతి ముట్టుకున్నది మూడుసార్లు. మిగతా వారాలన్నీ బెంచ్ మీదో, బెంచ్‌లో కూడా చోటు లేక స్టాండ్స్‌లోనో. రెండో సీజన్‌లో మా లెఫ్ట్ బ్యాక్ వేరే క్లబ్‌కి వెళ్లడంతో నాకు చోటు దొరికింది. వరసగా ఆరు మ్యాచ్‌లు మొదటి నుంచీ ఆడాను. ఏడోది ఆ మ్యాచ్.

నాకెవరూ తగల్లేదు. వాళ్ల వింగర్ బంతితో లోపలికి తిరిగింది. ఆమెతో పాటు తిరగడానికి ఎడమ పాదం గట్టిగా ఆనించాను. పాదం అక్కడే ఉండిపోయింది, మోకాలు లోపలికి వెళ్లింది. టప్‌మని చప్పుడు. ఆ చప్పుడు నాకు లోపల నుంచి వినిపించింది. లేచి నాలుగడుగులు వేశాను, ఏమీ కాలేదనుకున్నాను. ఐదో అడుగుకి మోకాలు పక్కకి జారిపోయినట్టయింది. డాక్టర్ వచ్చి పిక్కని రెండు చేతులతో పట్టుకుని ముందుకి లాగి చూశారు. రెండోసారి కూడా లాగి చూశారు. తర్వాత నా మొహం వైపు చూడలేదు. మర్నాడు స్కాన్‌లో తేలింది, ఏసీఎల్, అంటే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టుకునే లిగమెంట్, పూర్తిగా తెగింది.

ఆడపిల్లలకే ఈ దెబ్బ ఎందుకు ఎక్కువ తగులుతుందని చాలామంది అడిగారు. మగవాళ్లకంటే మాకు ఇది కొన్ని రెట్లు ఎక్కువని ఎన్నో పరిశోధనలు చెబుతున్నాయి. కారణం మాత్రం ఒక్కటని ఎవరూ తేల్చలేదు. తుంటికీ మోకాలికీ మధ్య కోణం అంటారు, కండరాల బలం అంటారు, హార్మోన్లు అంటారు. గ్రౌండ్లు బాగుండకపోవడం, మగవాళ్ల పాదాల కొలతతో తయారైన బూట్లు, మ్యాచ్‌ల మధ్య సరైన విశ్రాంతి లేకపోవడం కూడా కారణాలే కావచ్చంటారు. 2022-23 సీజన్‌లో ఆర్సెనల్ మహిళల జట్టులోనే బెత్ మీడ్, మీడెమా, లియా విలియమ్‌సన్, వీన్‌రోయిటర్, నలుగురికి ఇదే లిగమెంట్ తెగింది. 2024లో ఆటగాళ్ల సంఘాల సమాఖ్య ఫిఫ్‌ప్రో ఇంగ్లండ్‌లో దీని మీదే ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది.

ఆస్పత్రిలో పడుకుని ఇలాంటివే చదివేదాన్ని. ఎక్కువగా చదివింది స్పెయిన్ ఫుట్‌బాలర్ అలెక్సియా పుతెయాస్ గురించి. 2022 జులైలో, యూరో (యూరప్ దేశాల టోర్నమెంట్) మొదలవడానికి ముందు రోజు, ఆమె ఎడమ మోకాలు కూడా ఇలాగే పోయింది. 2023 ఆగస్టులో స్పెయిన్‌తో ప్రపంచకప్ గెలిచింది. ఆ తేదీల మధ్య నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకునేదాన్ని. కానీ ఆమె వెనక బార్సిలోనా లాంటి పెద్ద క్లబ్ ఉంది. నాకు ఏడో నెల వచ్చేసరికి క్లబ్బే లేదు.

అక్కడికి వచ్చేముందు మా కెప్టెన్ అక్క గురించి చెప్పాలి. వాపు తగ్గాక ఆపరేషన్ చేశారు, తొడ వెనక నుంచి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటిది) తీసి లిగమెంట్ స్థానంలో పెట్టారు. క్లబ్ ఇచ్చిన గది మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. అక్క ఏమీ అడక్కుండా నా బ్యాగ్ కారులో పెట్టి తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. మూడు వారాలు నా మంచం పక్కన నేల మీద పడుకుంది, ఐస్ పెట్టడానికి రాత్రి కూడా అలారం పెట్టుకుని లేచేది. తన మోకాలు కూడా ఒకప్పుడు ఇలాగే పోయింది, కాబట్టి ఏం చేయాలో తనకి తెలుసు. మొదటి రాత్రి నేను హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకున్నాను. అక్క అది లాగేసి మడమ కింద పెట్టింది. మోకాలు గాల్లో వేలాడుతుంటే ప్రాణం పోయింది.

"నన్ను తిట్టుకో, ఫర్వాలేదు. కానీ దిండు అక్కడే ఉండాలి. కాలు పూర్తిగా చాచడం ఇప్పుడు రాకపోతే తర్వాత నడక కూడా సరిగ్గా రాదు" అంది.

తిట్టుకున్నాను అక్కా, నిజంగానే. రెండో వారానికి కాలు నిటారుగా వచ్చింది.

ఏడో నెల మొదట్లో కాంట్రాక్ట్ అయిపోయింది. పొడిగించడం లేదని రెండు లైన్ల లెటర్ వచ్చింది. ఆ క్లబ్ పేరు రాయను. ఆపరేషన్ ఖర్చంతా వాళ్లే పెట్టుకున్నారు, గడువు తీరిన కాంట్రాక్ట్‌ని కొనసాగించి తీరాలని ఏ నిబంధనా లేదు. అయినా గడువు ముగిసిన రోజే ఫిజియో గదికీ జిమ్‌కీ నా కార్డు పనిచేయకుండా పోవడం చాలా కష్టంగా అనిపించింది. లిగమెంట్‌కి అసలైన పని మొదలయ్యేదే అప్పుడు. పరుగు, గెంతడం, హఠాత్తుగా ఆగడం, తిరగడం, అన్నీ ఆ నెలల్లోనే నేర్చుకోవాలి. 19 ఏళ్లకి, కుట్లు వేసిన మోకాలితో, జీతం లేకుండా ఎక్కడ నేర్చుకోవాలి?

నాకు చెప్పకుండానే అక్క ఆ రాత్రి డబ్బు సాయం అడుగుతూ ఒక పోస్టు పెట్టింది. మీరంతా వచ్చింది అప్పుడే. నన్నెప్పుడూ చూడనివాళ్లు పంపారు. నా మొదటి కోచ్ గారు, ఆయన దగ్గర ఇప్పుడు నేర్చుకుంటున్న పిల్లలు కలిసి పంపారు. ఆ రోజు నా ముందు తిరిగిన వింగర్ కూడా పంపింది, సారీ అని రాసి. చెల్లీ, అందులో నీ తప్పు ఏమీ లేదు. నువ్వు బాగా తిరిగావు, అంతే.

మీ డబ్బుతో పది వారాలు వారానికి మూడుసార్లు ఫిజియో దగ్గరికి వెళ్లాను, జిమ్ ఫీజు కట్టాను, తొడ బలం కొలిచే పరీక్ష మూడుసార్లు చేయించుకున్నాను. లెక్కంతా అక్క దగ్గర నోట్‌బుక్‌లో ఉంది, ఎవరు అడిగినా చూపిస్తుంది. మీరు పంపకపోతే నేను నొప్పి లేదు కదా అని ఆటలోకి దిగిపోయేదాన్ని. ఇది ఊరికే అనడం లేదు, సరిగ్గా అలాగే చేయబోయాను.

ఎలాగంటే, సరిగ్గా అప్పుడే ఒక క్లబ్ నుంచి ట్రయల్‌కి పిలుపొచ్చింది. పరిగెత్తగలుగుతున్నాను, నొప్పి లేదు, వాపు లేదు. కొత్త ఫిజియో మేడమ్ దగ్గరికి వెళ్లింది ఆడొచ్చని చెప్పే సర్టిఫికెట్ మీద సంతకం కోసమే. ఆవిడ నన్ను మెషీన్ మీద కూర్చోబెట్టి రెండు కాళ్లతో తన్నించారు. కుడి తొడతో పోలిస్తే ఎడమ తొడ బలం 74 శాతం. కనీసం 90 ఉండాలి. కాగితం నా వైపు తిప్పి, 74 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశారు. 2016లో వచ్చిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పారు. ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల వరకు ఆటకి ఎన్ని నెలలు ఆగితే, ఆగిన ఒక్కో నెలకీ మోకాలికి మళ్లీ దెబ్బ తగిలే ముప్పు దాదాపు సగం తగ్గుతూ వచ్చిందట. "నీకిప్పుడు ఏడో నెల. నేను సంతకం పెట్టను" అన్నారు.

అక్కడే ఏడ్చేశాను. ఇంకో పిలుపు రాకపోతే ఎవరిది బాధ్యత అని గట్టిగానే అడిగాను. మర్నాడు సెషన్‌కి వెళ్లలేదు. సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. బుజ్జగించలేదు, కోప్పడలేదు. "రేపు ఆరింటికి వస్తావా, ఆరున్నరకి వస్తావా?" అని అడిగారు. ఆరింటికి అన్నాను. మేడమ్, ఆ ఒక్క ప్రశ్నకి మీకు జీవితాంతం రుణపడి ఉంటాను.

మా పాత టీమ్‌లో మ్యాచ్‌కి ముందు వార్మప్ ఎలా చేసేవారని కూడా మేడమ్ అడిగారు. రెండు రౌండ్లు పరుగు, కాసేపు స్ట్రెచింగ్, తర్వాత బంతి. ఫిఫా 11 ప్లస్ అని 20 నిమిషాల వార్మప్ ఉంది, ఒంటికాలి మీద నిలబడటం, గెంతి మోకాలు లోపలికి పోకుండా దిగడం లాంటివి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల మీద చేసిన పరిశోధన 2008లో వచ్చింది, ఇది చేసిన జట్లలో గాయాలు మూడో వంతు దాకా తక్కువ. దానికి ఏ పరికరాలూ అక్కర్లేదు. నాకిది 12 ఏళ్లప్పుడే ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పిల్లలకి ఆట నేర్పుతున్న కోచ్‌లు ఇది చదువుతుంటే, దయచేసి మొదలుపెట్టండి.

పొద్దున ఐదున్నరకి నా కోసం చిన్న గేటు తీసిన గ్రౌండ్ పెద్దాయనకి దండం పెట్టాలి. నిబంధనల ప్రకారం ఆయన తీయకూడదు కూడా. నేను తిరిగే డ్రిల్స్ మొదలుపెట్టిన రోజు ఆయన గడ్డి కోసే మెషీన్ ఆపి చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి వచ్చి, "అటు మూల నేల మెత్తగా ఉందమ్మా, కాలు దిగబడుతుంది. ఇటు చెయ్యి" అని చోటు చూపించారు. మర్నాటికల్లా అక్కడ గీతలు కొట్టడానికి వాడే సున్నంతో చతురస్రాలు గీసి ఉన్నాయి, నేను గెంతడానికి.

తొమ్మిదో నెల దాటాక పరీక్షలో 93 వచ్చింది. సంతకం పెట్టేటప్పుడు మేడమ్ తేదీ కూడా రాశారు, గుండ్రంగా గీసిన పాత కాగితం మీదే. కానీ అప్పటికి మా లీగ్‌లో ట్రాన్స్‌ఫర్ విండో, అంటే క్లబ్‌లు కొత్త ఆటగాళ్లని రిజిస్టర్ చేసుకునే గడువు, మూసేశారు. ఇంక జనవరి దాకా ఆగాల్సిందే అనుకున్నాను. ఆటగాళ్ల సంఘంలో పనిచేసే లాయర్ గారు ఇక్కడ ఆదుకున్నారు. విండో మూయకముందే కాంట్రాక్ట్ ముగిసిపోయిన ఆటగాళ్లని విండో బయట కూడా రిజిస్టర్ చేయడానికి ఫిఫా నిబంధనల్లో మినహాయింపు ఉందని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. నన్ను తీసుకోవాలనుకున్న క్లబ్ వాళ్లకీ ఆయనే ఫోన్ చేసి వివరించారు.

వాళ్లు పంపిన కాంట్రాక్ట్‌లో ఒక లైన్ ఉంది, సంతకం తర్వాత జరిగే వైద్య పరీక్షలో పాసైతేనే ఇది చెల్లుతుందని. నేనైతే ఆలోచించకుండా సంతకం పెట్టేదాన్ని. లాయర్ గారు ఆ లైన్ దగ్గర ఆగారు. కాంట్రాక్ట్ చెల్లుబాటుని వైద్య పరీక్షకి ముడిపెట్టకూడదు, పరీక్ష ముందే చేసుకోవాలి, ఇది కూడా ఫిఫా నిబంధనే. క్లబ్ వాళ్లు వెంటనే ఒప్పుకుని మార్చారు. ముందు పరీక్ష, తర్వాత సంతకం. మోకాలి దెబ్బతో వచ్చిన నాలాంటి అమ్మాయికి ఆ వరస ఎంత ముఖ్యమో అప్పుడు తెలిసింది. ఆయన ఫీజు తీసుకోలేదు. సంఘం ఉన్నది అందుకే అన్నారు. లీగ్‌లోకి కొత్తగా వస్తున్న చెల్లెళ్లు, సంతకం పెట్టిన రోజే మీ సంఘంలో చేరండి, దెబ్బ తగిలేదాకా ఆగకండి.

కొత్త కోచ్ గారు తొందరపెట్టలేదు. ముందు ట్రైనింగ్‌లో 20 నిమిషాలు, తర్వాత సగం, ఐదో వారానికి పూర్తిగా. అమ్మానాన్నల గురించి ఇక్కడ రాయను, వాళ్లకి ఇంట్లోనే చెబుతాను.

ఆదివారం నేను దిగిన కాసేపటికి వాళ్ల వింగర్ బంతితో లోపలికి తిరిగింది. అదే వైపు, అదే మలుపు. ఆలోచించే టైమ్ లేదు. ఎడమ పాదం ఆనింది, మోకాలు నిటారుగా పాదం మీదే ఉంది, నేను ఆమెతో పాటే తిరిగాను. బంతి నా కాలికి తగిలి బయటికి పోయింది, త్రో ఇన్. స్టేడియంలో ఎవరికీ అది గుర్తుండే ఆట కాదు. స్టాండ్స్‌లో అక్క మాత్రం రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. మేడమ్‌కి ఆ టైమ్‌లో వేరే పేషెంట్ ఉండి రాలేదు. మ్యాచ్ అయ్యాక ఫోన్ తీస్తే ఆవిడ మెసేజ్: "ఐస్ పెట్టావా?"

ఇంకొక్క మాట, డబ్బు గురించి. కొంత మిగిలింది. మా పాత టీమ్‌లో 17 ఏళ్ల అమ్మాయికి పోయిన నెల ఏసీఎల్ తెగింది. దాన్ని తన ఫిజియో ఖర్చులకి ఇద్దామని అక్కా నేనూ అనుకుంటున్నాం. మీలో ఎవరికైనా ఇష్టం లేకపోతే నాకో అక్కకో మెసేజ్ పెట్టండి, మీ వాటా వెనక్కి పంపిస్తాం, ఏమీ అనుకోం.

గురువారం తన ఆపరేషన్. మొదటి రాత్రి నేనే తోడుంటున్నాను. దిండు సంగతి ఇప్పటికే చెప్పాను, తను నమ్మలేదు.