సదనం పిల్లలకు మన ఊళ్ళలోనే ఇల్లు దొరకాలి

జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. బాలల సదనం నుంచి కొందరు పిల్లలు మా బడికొస్తారు. ఏడో తరగతి పాప ఒకతి తన ట్రంకుపెట్టె తాళంచెవిని నల్లదారంతో మెడలో కట్టుకుంటుంది, ఆటల పీరియడ్‌లో కూడా తీయదు. దసరా సెలవుల ముందు మిగతావాళ్ళు అమ్మమ్మగారి ఊరి కబుర్లు చెప్పుకుంటుంటే, వీళ్ళు తలొంచుకుని నోట్సు రాసుకుంటారు. సదనంలో తిండికీ బట్టకూ లోటు లేదు. కానీ అలిగితే బతిమాలే మనిషంటూ ఒకరుండాలి కదండీ!

పిల్లల్ని సంస్థలో ఉంచడం చివరి మార్గమేనని 2015 నాటి బాలల న్యాయ చట్టమే చెబుతోంది. దత్తత కాకుండా, బిడ్డను పెంచడానికి ఒక కుటుంబానికి అప్పగించే ఫోస్టర్ కేర్ కూడా అందులోనే ఉంది. దీనిపై కేంద్రం 2024 మార్గదర్శకాలు వచ్చాక పెళ్ళికానివారు, భర్త పోయినవారు కూడా ముందుకు రావచ్చు. కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. మా ఊళ్ళో అడిగి చూశాను, ఈ సంగతి ఒక్కరికీ తెలియదు.

అయితే ఇల్లు దొరికితే చాలదు. "ఎవరి పిల్లో ఏమో" అనే మాట వీధిలో వినబడితే, ఆ బిడ్డ ఆ ఇంట్లో నిలవదు. అందుకే ఊరు కూడా సిద్ధం కావాలి. వచ్చే గ్రామసభల్లో బాలల పరిరక్షణ అధికారుల చేత ఈ పథకం గురించి తెలుగులో, అర్థమయ్యేలా చెప్పించండి. బిడ్డను ఇంటికి పంపాక కౌన్సెలర్ క్రమం తప్పకుండా వెళ్ళేలా, డబ్బు ఆగకుండా చూడండి. పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళతో మాట్లాడే బాధ్యత మా టీచర్లం తీసుకుంటాం.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్