మూత్రం రంగు చెప్పే జబ్బు

ఎడిటర్ గారికి,

బంగారు నానో కణాలతో చేసే మూత్ర పరీక్షల గురించి మన పేపర్లు ఇంకాస్త వివరంగా రాయాలి. 2019లో లండన్ ఇంపీరియల్ కాలేజీ, అమెరికాలోని ఎంఐటీ కలిసి పెద్దపేగు క్యాన్సర్ ఉన్న ఎలుకల మీద చేసిన ప్రయోగమే చూడండి. ఆ బృందాన్ని నడిపినవారిలో భారత సంతతికి చెందిన సంగీతా భాటియా ఒకరు. అతి చిన్న బంగారు కణాల్ని ఒక ప్రొటీన్‌కి తగిలించి ఎలుకకి ఎక్కిస్తే, కణితి దగ్గరుండే ఎంజైములు ఆ లంకెను తెంపేస్తాయి, విడిపోయిన కణాలు కిడ్నీల్లో వడకట్టుకుని మూత్రంలోకి వచ్చేస్తాయి. ఆ మూత్రంలో హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు! గంటలోపే, మామూలు కంటికే తెలుస్తుంది.

పెద్ద మెషీన్లు లేని మన పీహెచ్‌సీలకు ఇలాంటివే కావాలి. కాకపోతే ఇది కిడ్నీ సరిగ్గా వడకడితేనే పనిచేసే పద్ధతి, కాబట్టి ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాల్లో వాడే ముందు అక్కడివాళ్ల మీద విడిగా పరీక్షించి తీరాలి. మనుషుల దాకా రావడానికి టైం పడుతుంది సరే, ఈలోగా కిడ్నీ దెబ్బతింటోందేమో తెలిసేలా మూత్రంలో ప్రొటీన్ పోతోందో లేదో రంగుతో చూపించే మామూలు స్ట్రిప్పులైనా ప్రతి సబ్‌సెంటర్లో ఎప్పుడూ స్టాకు ఉండేలా చూడమని వైద్యశాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా