చేతి గేమ్ కన్సోల్‌కు మన దగ్గర చోటుంది

గౌరవనీయులైన సంపాదకులకు,

చేతిలో పట్టుకొని ఆడుకునే గేమ్ కన్సోల్‌ను మన దేశంలోనే తయారుచేసి అమ్మాలని ఉత్సాహపడుతున్న యువ ఇంజనీర్లు ప్రాసెసర్ వేగం కంటే ముందుగా ధర, బ్యాటరీ, మరమ్మతుల సంగతి తేల్చుకోవాలని, విజయవాడలో ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణం నడుపుతున్న వ్యక్తిగా మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఈ రంగపు చరిత్రే అందుకు సాక్ష్యం. 1989లో నింటెండో విడుదల చేసిన గేమ్ బాయ్‌కు రంగుల తెర లేదు, తెర వెనుక వెలుగూ లేదు. మరుసటి సంవత్సరం పోటీ సంస్థ సెగా తెచ్చిన గేమ్ గేర్‌కు ఆ రెండూ ఉన్నాయి. అయితే గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్లులను నాలుగైదు గంటల్లోనే ఖాళీ చేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలకు పైగా నడిచేది, ధర కూడా తక్కువ. పైగా అమెరికాలో, ఐరోపాలో టెట్రిస్ ఆటను యంత్రంతో పాటే ఇచ్చారు కాబట్టి, కొన్నవారు ఆ రోజే ఆడుకోగలిగారు. గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిసి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ధర విషయంలో అదే నింటెండో 2011లో తడబడింది. ఫిబ్రవరిలో జపాన్‌లో 25,000 యెన్‌లకు విడుదల చేసిన త్రీడీఎస్ అనే చేతి కన్సోల్ ధరను ఆగస్టులో 15,000కు దించవలసి వచ్చింది. అంత పెద్ద సంస్థ ఆ దెబ్బకు నిలబడింది గానీ, కొత్తగా మొదలుపెట్టినవారు నిలబడడం కష్టం.

మన మార్కెట్‌లో ఈ కన్సోల్ పోటీపడవలసింది ప్రతి ఇంట్లోనూ ఉన్న ఫోన్‌తో. ఫోన్‌లో ఉచితంగా దొరికే ఆటలనే చూపించి ఎవరిచేతా డబ్బు పెట్టించలేము. కానీ ఆ ఉచితం వెనుక ప్రకటనలు, ఆట మధ్యలో కొనుగోళ్లు, ముక్కూ ముఖం తెలియనివారితో మాటలు ఉంటాయని తల్లిదండ్రులకు ఇప్పుడు బాగా తెలుసు. ఫోన్ ఇవ్వకుండా పిల్లవాడు ఆడుకోవడానికి ఏదైనా ఉందా అని అడిగేవారికి చూపించడానికి మా దగ్గర సరైన వస్తువు లేదు. ఒక పక్క వందల పాత ఆటలను అనుమతి లేకుండా నింపి ఎగ్జిబిషన్లలో అమ్మే నాసిరకం బొమ్మలు, మరో పక్క దిగుమతిదారుల ద్వారా వచ్చే ఖరీదైన యంత్రాలు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కన్సోల్ మన దేశంలో అధికారికంగా విడుదల కాలేదు గనుక, అలా తెప్పించుకున్నదానికి మరమ్మతు వస్తే అడిగే దిక్కుండదు. ఈ రెండింటి మధ్య, రూ.10,000 లోపు ధరలో, ఇంటర్నెట్ లేకుండా పనిచేసే యంత్రానికి చోటుందని నా గట్టి నమ్మకం.

విజయవాడ, గుంటూరులలో ఎంతోమంది పిల్లలు రెసిడెన్షియల్ కళాశాలల హాస్టళ్లలో చదువుతారు. అక్కడికి ఇటువంటివి తీసుకెళ్లనివ్వరు. అందువల్ల గిరాకీ అంతా వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి చుట్టూనే ఉంటుంది. మార్చి నెలాఖరుకు సరుకు బీసెంట్ రోడ్డు, అరండల్‌పేట దుకాణాలకు చేరకపోతే వేసవి అమ్మకాలు చేజారినట్లే. పిల్లలు ఆడి చూడడానికి ప్రతి దుకాణానికీ ఒక యంత్రాన్ని విడిగా ఇవ్వాలి. కబడ్డీ, క్రికెట్, పులిజూదం, అష్టాచెమ్మ వంటి ఆటలను తెలుగు మాటలతో ముందే నింపి ఇస్తే, నానమ్మలు కూడా పక్కన కూర్చొని ఆడతారు.

ఆటలు దాచుకోవడానికి బయట దొరికే మామూలు మెమరీ కార్డే సరిపోవాలి. 2011లో వచ్చిన సోనీ చేతి కన్సోల్ పీఎస్ వీటాకు దాని సొంత ఖరీదైన కార్డులే వాడవలసి రావడం కొనుగోలుదారులకు భారమైంది. అలాగే బ్యాటరీ, ఆటను నడిపే స్టిక్కు, ఛార్జింగ్ పోర్టు ధరలను వారంటీ కార్డు మీదే ముద్రించాలని, గవర్నర్‌పేటలో ఫోన్లు బాగుచేసేవారికి కూడా ఆ విడిభాగాలను అమ్మాలని తయారీదారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ వ్యాపారి,
విజయవాడ